మా బడికి ఎప్పుడు రావాలో మమ్మల్నే అడగండి

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,



నేను పల్నాడు జిల్లాలో ఒక ఊరి ప్రాథమిక పాఠశాల పేరెంట్స్ కమిటీలో సభ్యురాలిని. మా పాప మూడో తరగతి చదువుతోంది. నేను కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను. ఏ రైతువి ఎన్ని మిర్చి టిక్కీలు లోపలికొచ్చాయి, ఎన్ని మార్కెట్ యార్డుకు పోయాయి, బాండు ఎవరి పేర ఉంది, ఇదే నా పని. అందుకని ఏ నెలలో మా ఊరు ఎక్కడుంటుందో, ఎన్నింటికి ఇల్లు చేరుతుందో నాకు బాగా తెలుసు. బడి క్యాలెండరు రాసేవాళ్లకు మాత్రం ఆ సంగతి తెలిసినట్టు లేదు. ఈ ఉత్తరం అందుకే.

ముందు మంచి మాట చెబుతాను. మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెట్టడం మంచి పని. 2024 డిసెంబరు 7న మొదటిది జరిగింది, 2025 జూలై 10న రెండోది, మళ్లీ 2025 డిసెంబరు 5న మూడోది. బాపట్లలో, కొత్తచెరువులో, భామినిలో ముఖ్యమంత్రి గారు వచ్చి పిల్లల మధ్య కూర్చోవడం టీవీలో చూశాం. ఢిల్లీ ప్రభుత్వం 2016లోనే ఇలాంటిది మొదలుపెట్టింది. మన దాకా రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది, పోనీలెండి, వచ్చింది. అంతకుముందు మా బడిలో ప్రోగ్రెస్ కార్డంటే పిల్లాడు సంచిలో పెట్టుకొచ్చి, ఇంట్లో సంతకమో వేలిముద్రో వేయించుకుని పట్టుకుపోయే కాగితం. ఇప్పుడు టీచరు మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇందులో ఇదుందమ్మా అని చెబుతున్నారు. ముగ్గుల పోటీ పెట్టారు, నాన్నలకు తాడులాగుడు పెట్టారు, పిల్లలతో కలిపి భోజనం పెట్టారు. గేటు దగ్గర బండి ఆపకుండానే పిల్లను దించిపోయే తండ్రులు ఆ రోజు లోపలికొచ్చి, ఒకటో తరగతి కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే కూర్చున్నారు. అది చిన్న సంగతేం కాదు.

అయితే రాష్ట్రం మొత్తానికీ ఒకే తేదీ, ఒకే వేళ. నా పేచీ అక్కడే.

డిసెంబరు మొదటి వారమంటే మా దగ్గర పత్తి తీతలు. సంక్రాంతి దాటితే మిరప కోతలు ఊపందుకుంటాయి. కూలీల ఆటో తెల్లారకముందే వచ్చి ఆగుతుంది. ముఠా మేస్త్రీ తలలు లెక్కపెట్టుకుని బండి కదిలిస్తాడు. ఇవాళ నేను రాను, బడిలో మీటింగుంది అని ఒకామె చెప్పిందనుకోండి, పోయేది ఆ ఒక్క రోజు కూలి కాదు. ఆమె చోట్లో మేస్త్రీ ఇంకొకరిని ఎక్కిస్తాడు. మర్నాటికి ఆ చోటు ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. చేతినిండా పని దొరికేది ఈ మూడు నాలుగు నెలలే. ఆ తర్వాత ఉపాధి హామీ పనే దిక్కు, 2025-26లో దాని రేటు రోజుకు 307 రూపాయలు, అదీ పని పెడితే. ఈ లెక్కలన్నీ ఆ తల్లి మనసులోనే వేసుకుని ఆటో ఎక్కుతుంది.

తల్లికి వందనం పథకం డబ్బు పడాలంటే పిల్లకు 75 శాతం హాజరుండాలన్నారు. న్యాయమే, కాదనను. తల్లి హాజరు మాటకొచ్చేసరికి, ఆమెకు వీలయ్యే రోజున పిలిచామా అని అడిగేవాళ్లు లేరు. పైగా రానివాళ్ల గురించి బడి వరండాల్లో ఒక మాట తిరుగుతుంటుంది, వీళ్లకు పిల్లల చదువు పట్టదండీ అని. పట్టని మనిషి రాత్రి ఎనిమిదింటికి కార్డు పట్టుకుని మా గుమ్మంలోకి ఎందుకొస్తుంది? డిసెంబరు 5 రాత్రి అలా వచ్చినామె మా వెనక వీధిలో ఉంటుంది, నన్ను వదినా అంటుంది. ఆమె పనికి పోయిన మిరప తోట కాస్త ముందే తొలి కోతకొచ్చింది. మిరప కోసిన చేయి ఎంత కడిగినా ఘాటు వదలదు. ఆ కార్డు పొద్దున్నే పిల్లాడు మళ్లీ పట్టుకుంటాడు, తర్వాత కళ్లు నులుముకుంటాడు అని కొంగుతో అంచు పట్టుకుని తెచ్చింది.

"వదినా, వీడికి బీ వచ్చిందంట. బీ అంటే వెనకబడ్డాడనా, బాగానే ఉన్నాడనా?"

నాకు తోచింది చెప్పాను. ఆ ప్రశ్న అడగాల్సింది నన్ను కాదు, వాళ్ల టీచరుగారిని. టీచరుగారు ఆ రోజు మధ్యాహ్నం దాకా బడిలోనే ఉన్నారు, ఎదురుచూశారు కూడా. ఈమె ఆ వేళకు చేలో ఉంది. తప్పు ఇద్దరిదీ కాదు.

మా ఊరొక్కటే అయితే ఇంత దూరం రాసేదాన్ని కాదు. జనవరి వచ్చేసరికి మా పొలాల గట్ల మీద డేరాలు లేస్తాయి. కర్నూలు జిల్లా పడమటి మండలాలు, కోసిగి, కౌతాళం, ఆదోని వైపు నుంచి సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు, వచ్చిన కుటుంబాలవి. ఇంట్లో ముసలివాళ్లుంటే పిల్లల్ని వాళ్ల దగ్గర వదిలి వస్తారు, లేకపోతే వెంటబెట్టుకొస్తారు. ఆ వైపు ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడపడం మంచిదే, తల్లిదండ్రులు తిరిగొచ్చేదాకా పిల్లలకు అన్నం, చదువు ఆగవు. కానీ ఆ ఊళ్లలో ఫిబ్రవరిలో ఏ మీటింగు పెట్టినా కుర్చీల్లో అవ్వాతాతలే ఉంటారు. వాళ్లలో చాలామంది ఉగాదికి ఊరు చేరతారు. అక్కడ తల్లిదండ్రుల రోజు ఉగాది మర్నాడు పెట్టుకోవాలి. సముద్రపు ఒడ్డు ఊళ్ల సంగతి వేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి మోటారు బోట్లు ఒడ్డునే ఉంటాయి. మిగతా ఏడాదంతా బడి ముఖం చూడలేని తండ్రులు ఏప్రిల్ రెండో సగంలో, వేసవి సెలవులు ఇచ్చే లోపు, ఇంటి దగ్గరే దొరుకుతారు. మన్యంలోనైతే సంత రోజు తప్పించాలి, లేదా సంతకొచ్చినవాళ్లు దారిలో ఆగేలా పెట్టుకోవాలి. అది ఆ ఊరివాళ్లే తేల్చుకోవాలి, నేను చెప్పేదేం లేదు. అమరావతిలో కూర్చుని ఇవన్నీ పట్టిక వేయమని మిమ్మల్ని అడగడం లేదు. పట్టిక వేయొద్దనే అడుగుతున్నాను.

చట్టం కూడా మా వైపే ఉందండీ. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, సాధించిన ప్రగతి వాళ్లకు చెప్పడం టీచరు విధుల్లో ఒకటి. తేదీ ఫలానా అని అందులో లేదు. 21వ సెక్షన్ పేరెంట్స్ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలంది, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలంది. 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాల్సింది ఆ కమిటీయే. 2024 ఆగస్టు 8న మమ్మల్ని ఎన్నుకున్నారు. ఇప్పటిదాకా మా చేత ఎక్కువగా చేయించింది తీర్మానాల పుస్తకంలో సంతకాలు. చదివి పెట్టే సంతకమైనా, చదవకుండా పెట్టే సంతకమైనా పుస్తకంలో ఒకేలా కనిపిస్తుంది. పన్నుకు రసీదు అడిగే ఊరు మాది, బడి విషయంలో మాత్రం ఎవరూ నోరెత్తరు. అదేమిటో నాకు అర్థం కాదు.

ఇక అసలు సంగతి. ఈ కార్తీకంలో మా హెచ్‌ఎం గారు ఏ ఉత్తర్వూ లేకుండా ఒక పని చేశారు. ఒక శనివారం సాయంత్రం ఆరున్నరకు, కూలికి పోయినవాళ్లు ఇళ్లకొచ్చి కాళ్లు కడుక్కున్నాక, బడికి రమ్మన్నారు. శనివారం ఎలాగూ నో బ్యాగ్ డే. స్టేజీ లేదు, మైకు లేదు, ముఖ్య అతిథి లేరు. వరండాలో పట్టాలు పరిచి రెండు బల్బులు వేలాడదీశారు. వచ్చినవాళ్లకు టీ, పిల్లలకు మరమరాలు, ఆ ఖర్చు కమిటీలో నలుగురం వేసుకున్నాం. చేయాల్సిన పని ఒక్కటే. ప్రతి పిల్లా పిల్లాడూ తమ ఇంటివాళ్ల పక్కన కూర్చుని ఒక పేజీ చదివి వినిపించాలి. ఇంటివాళ్లు రాని పిల్లలు పక్కింటివాళ్లకు చదవాలి.

మా ఎదురు పట్టా మీద ఒక నాయనమ్మ కూర్చుంది, మనవడు మూడో తరగతి. ఆమెకు అక్షరం రాదు. వాడు పాఠ్యపుస్తకం తెరిచి గడగడా చదివేస్తున్నాడు. కాసేపు విని ఆమె చేత్తో ఆపింది.

"ఏమే అమ్మాయ్," అని టీచరుగారిని పిలిచింది. "వీడు చూసి చదవట్లేదు, బొమ్మ చూసి ఒప్పజెప్తున్నాడు. కళ్లు అక్షరాల మీద లేవు."

టీచరుగారు వచ్చి పుస్తకంలో ఇంకో పేజీ తెరిచారు. వాడు ఆగిపోయాడు. ఒత్తులున్న చోటల్లా ఆగుతున్నాడు. నాయనమ్మ తిట్టలేదు. నడుముకు కట్టుకున్న చిక్కంలోంచి కల్లంలో ఇచ్చిన కాటా చీటీ తీసింది. "ఇది చదువు, ఇందులో నాకు రావాల్సింది ఎంతుందో చెప్పు" అంది. వాడు అంకెలు తడుముకోకుండా చదివాడు, రైతు పేరు దగ్గర కూడబలుక్కున్నాడు, మొత్తానికి చదివాడు. ఆ ముసలమ్మ ముఖంలో వెలుగు సంగతి వదిలేయండి, టీచరుగారి ముఖం చూడాల్సింది. వాడికి లెక్కలు రావని ఆవిడ అప్పటిదాకా అనుకుంటున్నారట. వాడికి రానిది లెక్కలు కాదు, లెక్క కింద ప్రశ్న చదవడం.

ఒక్క పిల్లాడి సంగతే అయితే ఇంత చెప్పను. 2024 అసర్ సర్వే ప్రకారం దేశం మొత్తమ్మీద పల్లెటూళ్ల ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో అది 16.3. పెరిగింది, సంతోషం. అయినా నలుగురిలో ముగ్గురికి పైగా చదవలేకపోతున్నారు. ఈ సంగతి సర్వేవాళ్లకు తెలుసు, మీకు తెలుసు, టీచర్లకు తెలుసు. తెలియనిది ఇంటి దగ్గర అమ్మకే. ఇంట్లో వాడు గడగడా ఒప్పజెబుతుంటే చదువుతున్నాడనే అనుకుంటుంది. పక్కన కూర్చుని ఒక పేజీ వింటే, చదువు రాని తల్లికి కూడా అర్థమైపోతుంది. ముగ్గుల పోటీతో అది అర్థం కాదు. మా ముగ్గులు బాగుంటాయండీ, వాటితో నాకేం పేచీ లేదు, కాకపోతే మా పిల్లలు చదవగలరా లేదా అన్నది వాటిలో కనపడదు.

ఆ సాయంత్రం తర్వాత మా కమిటీ కూర్చుని వచ్చే నాలుగు నెలలకు ఒక వరుస వేసుకుంది. మీకు తెలియాలని రాస్తున్నాను, గొప్పకు కాదు.

సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి శనివారం మళ్లీ చదువు వినే సాయంత్రం. ఈసారి డేరాల్లోని పిల్లల్నీ పిలుస్తాం. వాళ్లకు టీసీ లేదని చేర్చుకోకుండా ఆపడానికి వీల్లేదని చట్టమే చెబుతోంది, కానీ మేస్త్రీకీ తెలియదు, తల్లిదండ్రులకూ తెలియదు. ఒకసారి పిల్లాడు గేటు లోపలికొచ్చి మరమరాలు తిన్నాడంటే మర్నాడు రావడం తేలిక. జనవరి 26 జెండా వందనం ఎలాగూ ఉంటుంది, చాక్లెట్లు పంచుతారు, అందరూ పనులకు పోతారు. దాని గురించి కొత్తగా చెప్పేదేం లేదు.

శివరాత్రికి ముందు శనివారం మాత్రం మాకు పెద్ద పని. కోటప్పకొండ తిరునాళ్లకు మా వైపు ఊరూరా ప్రభ కడతారని మీకు తెలుసు. ప్రభ కట్టే పెద్దలు ఇద్దరు ఆ రోజు బడికొచ్చి పిల్లల చేత చిన్న ప్రభ కట్టిస్తామన్నారు. వెదురు ఎంత పొడవు, అడ్డబద్దలు ఎంత దూరంలో, రంగు కాగితం ఎన్ని గజాలు, పైకి పోయే కొద్దీ వెడల్పు ఎంతెంత తగ్గాలి, ఇదంతా నాలుగో తరగతి లెక్కల పుస్తకంలో ఉన్నదే. ఆ పెద్దాయనల్లో ఒకరు బడి మొహం చూసింది రెండో తరగతి దాకా. కొలబద్ద లేకుండా జానలతో, మూరలతో కొలిచి నిలబెడతారు, ఒక్క వైపుకూ ఒరగదు. ఆయన్ని పిల్లల ముందు నిలబెట్టడమే నాకు ఈ కార్యక్రమంలో బాగా నచ్చిన భాగం. మా బడిలో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు కాబట్టి దీన్ని పూజగా చేయం, వెదురు పనిగానే చేస్తాం. అది ముందే అందరితో మాట్లాడుకున్నాం.

ఫిబ్రవరి 28 సైన్స్ డేకి మోటార్లు రీవైండింగ్ చేసే ఒక తండ్రి కాలిపోయిన మోటారు విప్పి చూపిస్తానన్నాడు. మార్చిలో ఒక సాయంత్రం తండా అవ్వలది. మా బడిలో లంబాడీ పిల్లలున్నారు. వాళ్లు క్లాసులో నోరు విప్పరు, తండాలో ఆగకుండా మాట్లాడతారు. వాళ్ల అవ్వలు వాళ్ల మాటలోనే కథ చెబితే, పిల్లలు దాన్ని మాకు తెలుగులో చెప్పాలి. సవర పిల్లల కోసం సవర నేర్చుకుని బడి పెట్టిన గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజున, ఆగస్టు 29న, ఏటా బడుల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం కదా. ఆయన్ని తలుచుకోవడానికి ఉపన్యాసాలకంటే ఇది దగ్గరి దారి అనిపించింది.

వంటగది సంగతి కూడా ఒక మాట. డొక్కా సీతమ్మ గారి పేరుతో పెడుతున్న భోజనంలో 2025 జూన్ నుంచి సన్నబియ్యం వస్తున్నాయి, అన్నం ముద్ద కాకుండా పొడిపొడిగా ఉంటోందని పిల్లలే చెబుతున్నారు. గుడ్డు, చిక్కీ, రాగిజావ సరే. నెలకు ఒక రోజు ఇద్దరు తల్లులు వచ్చి, పిల్లలతో పాటు పంక్తిలో కూర్చుని అదే తినాలని పెట్టుకున్నాం. తనిఖీకి కాదు. తనిఖీ అంటే వంట చేసే ఆయమ్మ ఆ రోజు ఒక రకంగా వండుతుంది, మిగతా రోజులు ఒక రకంగా వండుతుంది. కూర్చుని తింటే ఆవిడ కష్టం కూడా తెలుస్తుంది, గ్యాస్ బండ ఎప్పుడు అయిపోయిందో, బిల్లు ఎప్పటిదాకా రాలేదో.

ఏప్రిల్‌లో చివరిది ఐదో తరగతి పిల్లలది. మా బడి ఐదో తరగతితో అయిపోతుంది. ఆరో తరగతికి హైస్కూలు ఇంకో ఊళ్లో. బడి మానేసే ఆడపిల్లల్లో ఎక్కువమంది సరిగ్గా ఈ మలుపు దగ్గర మానేయడం మా ఊళ్లో చూస్తూనే ఉన్నాం. వీడ్కోలు సభ పెట్టి కేకు కోసే బదులు, ఆ పిల్లల్నీ వాళ్ల తల్లిదండ్రుల్నీ ఒక ఆటోలో ఎక్కించి హైస్కూలుకు తీసుకుపోతాం. ఏ దారిన పోవాలి, బస్సు ఎన్నింటికి, బాత్రూములకు నీళ్లు వస్తాయా, ఆరో తరగతి టీచరుగారు ఎవరు, ఇవి తల్లి కళ్లతో చూస్తే జూన్ 12న పిల్ల ఆ బడికి పోతుంది. చూడకపోతే, ఎందుకులే దూరం, అంటుంది. ఆ మాటకు వెనక్కి తిరిగి జవాబు చెప్పే అవకాశం బడికి మళ్లీ రాదు.

ఇప్పుడు మీకు వచ్చే అనుమానం నాకు తెలుసు. సాయంత్రం ఆరున్నరకు బడి తెరిచి ఉంచితే టీచర్లు ఇళ్లకెలా పోవాలి? సరైన ప్రశ్న. మా టీచరుగారు నరసరావుపేట నుంచి బస్సులో వస్తారు, ఆవిడకూ ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఆ కార్తీకం శనివారం రాత్రి ఆవిడను మా కమిటీలో ఒకాయన, వాళ్లావిడ కలిసి కారులో దింపి వచ్చారు. ఏటా అలా మంచితనం మీద నడపలేం. పక్క ఊరి బడిలో ఒక్కరే టీచరు, ఆయన మీద ఇంకో సాయంత్రం వేయమనడం నాకూ ఇష్టం లేదు. అందుకని సాయంత్రపు కార్యక్రమానికి వచ్చిన టీచరుకు తర్వాతి వారంలో బదులు సెలవు (సీసీఎల్) ఇవ్వండి, మాటగా కాదు, ఉత్తర్వులో రాసి ఇవ్వండి. ఒక్క టీచరే ఉన్న బడులు క్లస్టరులో పక్క బడితో కలిసి పెట్టుకునేలా వెసులుబాటు ఇవ్వండి. జనగణన ఇళ్ల లెక్కకూ టీచర్లనే పిలుస్తారు. మీ నుంచి ఇంకో పని వచ్చినప్పుడు ఒక పాత పని తీసేస్తే వాళ్లకు ఊపిరాడుతుంది.

తీసేయాల్సిన పని ఏదో కూడా చెబుతాను. ఫోటోలు. మెగా మీటింగు రోజున మా ఒకటో తరగతి టీచరుగారి చేతిలో ఫోను దిగలేదు. ముగ్గు ఫోటో, భోజనం ఫోటో, బ్యానరు ముందు ఫోటో, అమ్మ పేరుతో నాటిన మొక్క ఫోటో, అన్నీ యాప్‌లో ఎక్కాలి, సిగ్నలేమో డాబా మీదికి పోతేగాని అందదు. ఆవిడ డాబా మీద ఉన్నప్పుడు కింద ముగ్గురు తల్లులు కార్డులు పట్టుకుని నిలబడి, చివరికి టైమైపోతోందని వెళ్లిపోయారు. మీటింగు జరిగిందనడానికి ఆధారం కావాలంటే ఫోటో అడగొద్దు, తీర్మానాల పుస్తకంలో ఆ రోజు ఏ తల్లి ఏం అడిగిందో నాలుగు ముక్కలు రాయమనండి. ఎంఈఓ గారు ఎప్పుడొచ్చినా చదువుకుంటారు. అందులో "బీ అంటే వెనకబడ్డాడనా" అన్న ప్రశ్న ఒకటి కనిపిస్తే, వచ్చే ఏడు కార్డు అచ్చు వేసేటప్పుడు బీ పక్కన తెలుగులో ఒక వాక్యం వేయొచ్చు. బీ తీసేయమనడం లేదు, దాని కింద వీడు వాక్యం చదవగలడు, ఒత్తుల దగ్గర ఆగుతాడు అని ఉంటే చాలు.

డబ్బు సంగతి అంటారా, తల్లికి వందనంలో తల్లి ఖాతాలో 13,000 వేసి బడి నిర్వహణ పేర 2,000 ఉంచుతున్నారు. ఆ పద్దులోంచి ఏడాదికి నాలుగు సాయంత్రాలకు బల్బులు, పట్టాలు, టీ ఖర్చు పెట్టుకోవచ్చని హెచ్‌ఎంలకు ఒక్క ముక్క రాస్తే సరిపోతుంది. ఇప్పుడు ఆ ఖర్చు రాస్తే ఆడిట్‌లో ఏమంటారోనని మా హెచ్‌ఎం గారు టీ పొడి కూడా సొంత డబ్బుతో తెచ్చారు.

మెగా మీటింగు ఆపమని నేను అడగడం లేదు. ఏడాదికి ఒకటి మీరు పెట్టండి, ఊరంతా కలిసి చేసుకుంటాం, ముగ్గులు వేస్తాం, తాడు లాగుతాం. మిగతా మూడో నాలుగో రోజులు ఏ నెలలో, ఏ పూట పెట్టుకోవాలో, ఏం చేయాలో ఆయా బడి కమిటీలే తీర్మానం రాసి బడి ప్రణాళికలో చేర్చుకునేలా ఉత్తర్వివ్వండి. ఎండాకాలం సెలవులు ఇచ్చేలోపు ఆ ఉత్తర్వు వస్తే, వచ్చే విద్యా సంవత్సరం క్యాలెండరులోనే ఎక్కించుకోవచ్చు. మా కమిటీ గడువు 2026 ఆగస్టుతో తీరిపోతుంది. కొత్త కమిటీకి మా వరుస కాగితం అప్పగించి పోతాం. వాళ్లు మారుస్తారో, ఉంచుతారో వాళ్ల ఇష్టం.

ఇంకొకటి. ఈ ఉత్తరానికి మీ కార్యాలయం నుంచి ఎవరైనా జవాబు చెప్పదలిస్తే పగటిపూట ఫోను చేయకండి. కాటా దగ్గర ఉంటాను, వినపడదు. రాత్రి ఏడు దాటాక చేయమనండి.

ఇట్లు,
పల్నాడు జిల్లాలోని ఒక ప్రాథమిక పాఠశాల
పేరెంట్స్ కమిటీ సభ్యురాలు